పిలవని పేరంటం

విజయవాడ

చిన్నా,

నీ ఉప్పునీళ్ల ట్యాంకు క్షేమంగానే ఉంది. నువ్వు కొన్న క్లౌన్ చేపలు బాగానే తింటున్నాయి. నువ్వు కొననివి, రాళ్లతో పాటు వచ్చి చేరినవి కూడా అందులో చాలానే తింటున్నాయి. ఫోన్లో చెబితే "తీసి పారెయ్యమ్మా" అని పెట్టేస్తావని ఇలా రాస్తున్నా.

ముందు చూసింది నాయనమ్మ. రాత్రి మంచినీళ్లకి లేచి, రాయి సందులోంచి జెర్రి వస్తోందని ఇంటిల్లిపాదినీ లేపింది. తీరా చూస్తే అది బ్రిసిల్ వర్మ్, ఒళ్లంతా నూగులాంటి ముళ్లున్న పురుగు. ఇంటర్ పిల్లలకి నేను సీసాలో చూపిస్తూ వచ్చిన నీరిస్ అనే సముద్రపు పురుగుకి చుట్టమే. వానపాముదీ అదే అనలిడా వర్గం. సీసాలో పాలిపోయి ఉండే జాతి లేత గులాబీ రంగులో పాకుతుంటే, రిటైరయ్యాక నాకిప్పుడు ప్రాక్టికల్స్ మొదలైనట్టుంది! చేపలు వదిలేసిన మేత కుళ్లి అమ్మోనియా పెరగకముందే అది తినేస్తుంది, కాబట్టి ఉండనీ. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. ముళ్లు చర్మంలో విరిగి మంట పెడతాయి, గుచ్చుకుంటే సెల్లోటేపు అంటించి లాగాలి. నువ్వు నెట్‌లో ఫొటో చూసి హడలిపోయే, పగడాలు తినే పెద్ద ఫైర్ వర్మ్ అట్లాంటిక్ వైపుది. ఇవి మరీ పెరిగితే మేత ఎక్కువవుతోందని అర్థం. మీ నాన్న చెయ్యి ఎంత పెద్దదో నీకు తెలుసుగా.

నాకు అసలు టెన్షన్ వెనక రాయి మీద విచ్చుకున్న గోధుమరంగు పువ్వుతోనే. నాన్న ముచ్చటపడి ఫొటో కూడా తీశారు. అది ఐప్టాసియా, అనిమోన్ జాతి. పువ్వులా కనిపించినా జంతువే. దాని మీసాలు తగిలితే పక్కనున్న పగడం దెబ్బతింటుంది. గీకి పారేద్దామనుకునేవు! రాయికి అంటుకున్న చిన్న ముక్క నుంచి కూడా కొత్తది పుడుతుంది. పంపు ఆపి, సిరంజితో చిక్కటి సున్నపు ముద్ద దాని నోట్లో పెట్టాలి. కిళ్లీ కొట్టు సున్నం పనికిరాదు, శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడే కావాలి. అదీ కొంచెం కొంచెంగా, లేకపోతే నీళ్ల పీహెచ్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. పెప్పర్‌మింట్ రొయ్యలు దీన్ని తింటాయి. కానీ వాటి పేరు చెప్పి క్యామెల్ రొయ్యల్ని అంటగడతారు, చూసుకో. క్యామెల్ రొయ్యకి వీపు మీద గూని, ఎర్రటి ఒంటి మీద తెల్ల చారలు ఉంటాయి. అది పగడాల్నే పీక్కు తింటుంది.

గాజు మీద పరిగెత్తే తెల్ల చుక్కలు కోపెపాడ్లు, చేపలకి మేత. సున్నపు చుట్టల్లా అంటుకున్నవి గొట్టపు పురుగులు, వాటి జోలికి పోవద్దు. చిన్న నక్షత్రాలు ఆస్టరినాలు. రెండుగా చీలి పెరుగుతాయి కాబట్టి వాటి కాళ్లు పొట్టీ పొడుగూగా ఉంటాయి. నాచు తిని బతుకుతాయి కానీ, నువ్వు పగడాలకి చుట్టాలైన జోయాంథిడ్లు పెడితే ఓ కన్నేసి ఉంచాలి.

తేలనిది ఒక్కటే. లైట్లు ఆర్పాక టక్, టక్ మని శబ్దం. పిస్టల్ రొయ్య అయితే మంచిదే. పటకారులాంటి పెద్ద గిట్టని చటుక్కున మూస్తే బుడగ పుట్టి పగిలి ఆ చప్పుడు వస్తుంది. మాంటిస్ రొయ్య అయితే మాత్రం దాని దెబ్బకి నత్త గుల్ల పగులుతుంది, చేపలకీ ముప్పే. పొద్దున్నే ఇసుకంతా వెతుకుతున్నా, ఇంతవరకు పగిలిన గుల్ల లేదు. టార్చికి ఎర్ర జిలాటిన్ కాగితం కట్టి కాపు కాస్తున్నా. కంటితో చూసేదాకా దేన్నీ చంపనివ్వను.

మరో మాట. ట్యాంకు ఎత్తేసినవాళ్ల దగ్గర రాళ్లు కొన్నానన్నావు. వాళ్లకి అవి ఎక్కడివో అడిగావా? ఇలాంటి రాళ్లు తరచు రాతి పగడాల అస్థిపంజరాలే, ఆ పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తెచ్చినవైతే అది నేరం. ఆ సంగతి కనుక్కుని చెప్పు. ఇకమీదట కొనాల్సివస్తే సిరామిక్ రాళ్లే కొను.

ఎండలకి నీళ్లు తొందరగా తగ్గుతున్నాయి. ఉప్పు ఆవిరి కాదు కనుక ఆర్వో నీళ్లే పోస్తున్నాం. సాంద్రత 1.025 దగ్గరే ఉంది. దసరాకి వచ్చేటప్పుడు పొడవాటి ఫోర్సెప్స్ తీసుకురా. నా దగ్గరున్నది కాలేజీ నాటిది, వెనక రాయిదాకా అందట్లేదు.

అమ్మ