అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కూపర్ కప్ మీద మీరు అమ్మిన రిపోర్టు గురించి ఫిర్యాదు

బోథెల్, వాషింగ్టన్ రాష్ట్రం
2025 ఏప్రిల్ 7

చందాదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: సియాటిల్ సీహాక్స్ కొత్త రిసీవర్ కూపర్ కప్‌పై మీ తెలుగు విభాగం ఇచ్చిన రిపోర్టులో తప్పులు, వాటిని బహిరంగంగా సరిదిద్దాలని, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వాలని విజ్ఞప్తి

నమస్కారం.

మార్చి నెలలో సీహాక్స్ జట్టు, అంతకుముందు లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఆడిన రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) కూపర్ కప్‌ని తీసుకున్నాక మీ యాప్‌లో అతని మీద ఒక రిపోర్టు పెట్టారు. నెలవారీ చందా కాకుండా దానికి వేరే రుసుం కూడా తీసుకున్నారు. "మెట్‌కాఫ్ పోయాడు, కప్ వచ్చాడు, సీహాక్స్‌కి కొత్త నంబర్ వన్" అన్నది దాని శీర్షిక (మెట్‌కాఫ్ అంటే అదే నెలలో సీహాక్స్ వేరే జట్టుకు పంపిన రిసీవర్ డీకే మెట్‌కాఫ్). ఆట వీడియోలు కూర్చుని చూసి రాసిన మదింపు అని ప్రకటన ఇచ్చారు. చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, రాసినవారు అతని పాత రికార్డు చూశారు, ఇప్పటి ఆట చూడలేదు. ఈ జట్టులో అతను చేయబోయే పని ఏమిటన్న ప్రశ్నే రిపోర్టులో లేదు. నా ఫిర్యాదంతా దీని గురించే.

రిపోర్టులో సగానికి పైగా 2021 సీజన్ గురించే ఉంది. 17 మ్యాచ్‌ల్లో 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు (ఆ క్యాచ్‌లతో జట్టుకు తెచ్చిన దూరం, గజాల్లో), 16 టచ్‌డౌన్లు (ఎదుటి జట్టు చివరి గీత దాటి చేసే స్కోరు). మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం. 1970 నుంచి చూస్తే జెర్రీ రైస్, స్టెర్లింగ్ షార్ప్, స్టీవ్ స్మిత్ తర్వాత ఆ ఘనత సాధించిన నాలుగో ఆటగాడు అతనే. ఆ సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్లో 8 క్యాచ్‌లు, 92 యార్డులు, 2 టచ్‌డౌన్లతో అత్యుత్తమ ఆటగాడి అవార్డూ అందుకున్నాడు. ఇవన్నీ నిజాలే, ఆ సీజన్ చూసిన ఎవరూ మరిచిపోలేరు. కానీ సీహాక్స్ సంతకం పెట్టించుకున్నది వచ్చే జూన్‌లో 32 ఏళ్లు నిండే ఆటగాడితో. క్రికెట్‌లో ఒక బ్యాటర్ నాలుగేళ్ల కిందట కొట్టిన సెంచరీలు చూసి ఇవాళ అతన్ని ఏ స్థానంలో దించాలో తేల్చలేం కదా.

ఆ తర్వాతి మూడు సీజన్లను మీ రిపోర్టు ఒక్క వాక్యంలో దాటేసింది: "గాయాల వల్ల మ్యాచ్‌లు తగ్గాయి కాబట్టి అంకెలు తగ్గాయి." ఇది సరికాదు. 2022లో 9 మ్యాచ్‌ల్లో 812 యార్డులు, 2023లో 12 మ్యాచ్‌ల్లో 737, 2024లో 12 మ్యాచ్‌ల్లో 710. మ్యాచ్‌కి సగటు వేస్తే 2021లో 115, 2022లో 90, 2023లో 61, 2024లో 59. అంటే బరిలో ఉన్న రోజుల్లో కూడా అతని వాటా సగానికి పడిపోయింది. 2022 నాటి తగ్గుదలకు చీలమండ గాయం కారణం అనొచ్చు, ఆ ఏడాది ఆడినంతసేపు బాగానే ఆడాడు. మిగతా రెండేళ్లకు ఆ మాట సరిపోదు.

ఇంకో విషయం. మూడేళ్లలో గాయాల వల్ల 18 మ్యాచ్‌లు పోయాయని రాశారు. 51లో 33 ఆడాడు కాబట్టి తీసివేత లెక్క సరిగ్గానే ఉంది. కానీ 2023, 2024 సీజన్లలో చివరి వారం మ్యాచ్‌లకు రామ్స్ జట్టు ప్లేఆఫ్స్ (నాకౌట్ మ్యాచ్‌లు) ముందు ముఖ్యమైన ఆటగాళ్లకు విశ్రాంతి ఇచ్చింది. ఆ రెండూ గాయాల ఖాతాలోకి రావు. అంటే అతని వైపు నుంచి చెప్పాల్సిన మాట చెప్పలేదు, అతనికి వ్యతిరేకంగా చెప్పాల్సినదీ చెప్పలేదు. డబ్బు తీసుకుని మదింపు అమ్మేవాళ్లు ఇంత పైపైన రాయడం నాకు మింగుడు పడలేదు.

సగటు ఎందుకు పడిపోయింది? ఒక కారణం అందరికీ తెలిసిందే. 2023లో రామ్స్‌కి పూకా నాకూవా అనే కొత్త రిసీవర్ వచ్చాడు. తొలి సీజన్లోనే 105 క్యాచ్‌లు, 1,486 యార్డులతో కొత్త ఆటగాళ్ల రికార్డులు తిరగరాశాడు. రామ్స్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) మాథ్యూ స్టాఫర్డ్ ముందుగా చూసే మనిషి మారిపోయాడు. రెండో కారణం వీడియో చూస్తేనే తెలుస్తుంది. ఒంటరిగా ఎదురొచ్చే డిఫెండర్‌ని విడిపించుకోవడం అతనికి మునుపటికన్నా కష్టమవుతోంది. 2024 డిసెంబర్ 12న శాన్‌ఫ్రాన్సిస్కోపై రామ్స్ 12-6తో గెలిచిన మ్యాచ్‌లో అతనికి ఒక్క క్యాచ్ కూడా లేదు. 2024 సీజన్ మీద రాసే మదింపులో ఆ మ్యాచ్ ప్రస్తావన లేకపోతే, వీడియో చూశామన్న మీ మాటను నేనెలా నమ్మాలి?

ఇక డీకే మెట్‌కాఫ్‌తో పోలిక. రిపోర్టు శీర్షికే దాని మీద నిలబడింది, అసలు తప్పు కూడా అక్కడే ఉంది. మెట్‌కాఫ్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ముందు జరిగిన పరీక్షలో 40 గజాలు 4.33 సెకన్లలో పరిగెత్తాడు. కప్ తన ఏడాదిలో అదే దూరానికి 4.62 తీసుకున్నాడు. గత సీజన్లో మెట్‌కాఫ్ ఒక్కో క్యాచ్‌కి సగటున 15 యార్డులు తెచ్చాడు, కప్ పదిన్నర. మెట్‌కాఫ్‌కి బంతి వేయకపోయినా, అతను అంచు వెంట పరిగెత్తితే చాలు, ఒక సేఫ్టీ (వెనక కాపలా ఉండే డిఫెండర్) వెనక్కి వెళ్లాల్సి వచ్చేది, ముందర ఖాళీ ఏర్పడేది. కప్ ఆ పని ఎప్పుడూ చేయలేదు. అతని బలం మధ్య మైదానం. ఎదుటివాళ్లు జోన్‌లో, అంటే ఒక్కొక్కరు మైదానంలో ఒక్కో భాగాన్ని కాస్తూ, నిలబడితే ఇద్దరి మధ్య సందు ఎక్కడుందో కనిపెట్టి, అక్కడ ఆగి, క్వార్టర్‌బ్యాక్ వైపు తిరుగుతాడు. ఈ చూపు వయసుతో అంత తొందరగా పోదు. దాని గురించి మీ రిపోర్టులో ఒక్క పేరా అయినా ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. దానికి బదులు "లోతైన పాస్‌లకు మెట్‌కాఫ్ లోటు కప్ తీరుస్తాడు" అని రాశారు. ఆ వేగం కోసమే కదా సీహాక్స్ అదే నెలలో మార్కెజ్ వాల్డెజ్-స్కాంట్లింగ్‌ని తెచ్చుకున్నది! అతని పేరే రిపోర్టులో లేదు.

నిజానికి కప్ రాకతో తేలాల్సిన ప్రశ్న మెట్‌కాఫ్ గురించి కాదు, సీహాక్స్‌లోనే ఉన్న మరో రిసీవర్ జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా గురించి. గత సీజన్లో ఆ కుర్రాడు 100 క్యాచ్‌లు పట్టి జట్టు రికార్డును సమం చేశాడు, 1,130 యార్డులు తెచ్చాడు. ఎక్కువ భాగం స్లాట్‌లో (అంచు రిసీవర్‌కి, మధ్యలోని లైన్‌కి నడుమ ఉండే చోటు) నిలబడి ఆడాడు. కప్ పుట్టిల్లు కూడా స్లాటే. ఒకే చోటికి ఇద్దరు వచ్చినప్పుడు ఎవరు అంచుకి జరగాలి? నా అభిప్రాయం అడిగితే, జరగాల్సింది స్మిత్-ఎన్‌జిగ్బానే. అతనికి వయసుంది, అంచున ఒంటరి డిఫెండర్‌ని ఓడించే నేర్పు ఉంది. మెట్‌కాఫ్‌ని పిట్స్‌బర్గ్‌కి పంపి డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్ పిక్ (ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు) తెచ్చుకున్నారంటే జట్టు కూడా ఇతన్నే మొదటి రిసీవర్‌గా చూస్తోందని నేను నమ్ముతున్నాను. అలాంటప్పుడు మీ శీర్షికలోని "నంబర్ వన్" ఎవరికి చెందాలి?

సీహాక్స్ కొత్త అఫెన్సివ్ కోఆర్డినేటర్ (బంతితో దాడి చేసే ఆటను నడిపే కోచ్) క్లింట్ క్యూబియాక్ గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం ఇంకా ఆశ్చర్యం. హెడ్ కోచ్ మైక్ మెక్‌డొనాల్డ్‌కి రన్ గేమ్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆట) బలంగా ఉండాలి. పోయిన ఏడాది అది సాగకే పాత కోఆర్డినేటర్‌ని పంపించారు. క్యూబియాక్ పద్ధతిలో వైడ్ జోన్ రన్ (అంచు వైపు సాగే పరుగు), దాని మీద కట్టిన ప్లే యాక్షన్ (పరుగు అన్నట్టు నటించి పాస్ వేయడం) ముఖ్యం. అలాంటి ఆటలో రిసీవర్ బంతి లేనప్పుడు ఏం చేస్తాడన్నది పెద్ద విషయం. రామ్స్‌లో హెడ్ కోచ్ షాన్ మెక్‌వే కప్‌ని లైన్ దగ్గరకు చేర్చి నిలబెట్టి, తనకన్నా బరువైన వాళ్లకు అడ్డం వెళ్లే పని ఇచ్చేవాడు. అతను ఆ పని మనసు పెట్టి చేసేవాడు. లీగ్‌లో ఈ పని ఇంత బాగా చేసే రిసీవర్లు చాలా తక్కువ. నా దృష్టిలో సీహాక్స్ ఇతన్ని తీసుకోవడానికి ఉన్న గట్టి కారణాల్లో ఇదొకటి. మీ రిపోర్టులో బ్లాకింగ్ (ఇలా అడ్డం వెళ్లడం) అన్న మాటే కనబడలేదు.

సీహాక్స్ కొత్త క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్ సంగతీ అంతే. గత సీజన్లో మిన్నెసోటాలో 35 టచ్‌డౌన్ పాస్‌లు వేసి సీజన్ అద్భుతంగా నడిపాడు. చివరికి ప్లేఆఫ్స్‌లో ఇదే రామ్స్ చేతిలో, పాస్ వేయకముందే తొమ్మిది సార్లు పడిపోయాడు. ఒత్తిడి వచ్చినప్పుడు త్వరగా కనబడే మనిషి అతనికి కావాలి. మూడో డౌన్‌లో (పది యార్డులు సాధించడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఆరేడు యార్డుల దగ్గర, గోల్ లైన్ దగ్గర కప్ ఆ మనిషి కాగలడు. అందుకే ఈ ఒప్పందం చెడ్డదని నేను అనడం లేదు. మూడేళ్లకు గరిష్ఠంగా 4.5 కోట్ల డాలర్లన్నది మొదటి రిసీవర్ ధర కాదు. ఆ ధరలోనే జట్టు అతన్ని ఎలా చూస్తోందో ఉంది. మంచి రెండో రిసీవర్ దొరికాడని రాసి ఉంటే మీకు ధన్యవాదాలు చెప్పేవాణ్ణి.

ఒక శుద్ధ తప్పు కూడా ఉంది. "రామ్స్‌తో కాంట్రాక్ట్ ముగియడంతో ఫ్రీ ఏజెంట్ అయ్యాడు" అని రాశారు (ఫ్రీ ఏజెంట్ అంటే ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగల ఆటగాడు). కాదు. కాంట్రాక్ట్ ఇంకా ఉండగానే రామ్స్ అతన్ని వదిలించుకుంది. తనను వేరే జట్టుకు పంపే ప్రయత్నంలో ఉన్నారని ఫిబ్రవరి మొదట్లో అతనే బయటపెట్టాడు. ఆ ధరకి తీసుకునే జట్టు కుదరలేదు, మార్చి 12న విడుదల చేశారు. ఇదేమీ చిన్న తేడా కాదు. పాత కాంట్రాక్ట్ భరించి, పైగా ఒక పిక్ కూడా ఇచ్చి అతన్ని తీసుకోవడానికి ఏ జట్టూ ముందుకు రాలేదంటే, లీగ్ అతని విలువ ఎంత కట్టిందో అక్కడే తెలుస్తోంది. పైగా ఇలా విడుదలైన ఆటగాణ్ణి తీసుకుంటే, కాంపెన్సేటరీ పిక్‌ల (ఆటగాళ్లను పోగొట్టుకున్న జట్లకు లీగ్ పరిహారంగా ఇచ్చే డ్రాఫ్ట్ పిక్‌లు) లెక్కలో సీహాక్స్‌కి కోత పడదు. కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడైతే ఆ లెక్కలోకి రావచ్చు. ఒప్పందం ఎంత లాభమో తూచేటప్పుడు ఇవి చెప్పకపోతే ఎలా?

అతను యాకిమాలో పుట్టి, చీనీలోని ఈస్టర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీలో ఆడి, ఇప్పుడు సొంత రాష్ట్రానికి తిరిగొచ్చాడన్నది మా అందరికీ సంతోషమే. పదేళ్లు ఆడిన రిసీవర్ టైలర్ లాకెట్‌ని అదే నెలలో వదులుకున్న అభిమానులకు అది కొంత ఊరట కూడా. కానీ సొంతూరి కథకు రెండు పేజీలు, ఆటకు అర పేజీ ఇచ్చి దాన్ని మదింపు అనకూడదు.

ఈ తప్పులు మీ సహాయ విభాగానికి రాశాను. "మా రేటింగులు డేటా ఆధారంగా తయారవుతాయి" అన్న యంత్రపు జవాబు వచ్చింది. కొన్నాళ్లకు చూస్తే కాంట్రాక్ట్ ముగిసిందన్న వాక్యం మాయమైంది. సరిదిద్దామన్న గమనిక ఎక్కడా లేదు. ముందే కొని చదివినవాళ్లకు సమాచారమూ రాలేదు. శీర్షిక, మెట్‌కాఫ్ పోలిక అలాగే ఉన్నాయి. తప్పు జరగడం కన్నా దాన్ని చప్పుడు కాకుండా చెరిపేయడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. బోథెల్, రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ చుట్టుపక్కల ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు ఇక్కడే పుట్టి సీహాక్స్ జెర్సీలు వేసుకుని తిరుగుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఈ ఆటను కొత్తగా నేర్చుకుంటున్నారు. ఇంగ్లిష్ విశ్లేషణ వినాలంటే వాళ్లకు ఓపిక చాలదు. తెలుగులో ఈ ఆట గురించి రాసేవాళ్లు లేకే మీ దగ్గరికి వచ్చారు. ఇంకో చోట సరిచూసుకునే వీలు లేని పాఠకులు వీళ్లు. వీళ్లకు ఇచ్చే మాట ఇంగ్లిష్ పాఠకుడికి ఇచ్చేదానికన్నా ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మీ తెలుగు విభాగం బాగుండాలని మనసారా కోరుకుంటున్నాను. లేకపోతే చందా ఆపేసి ఊరుకునేవాణ్ణి.

మీ నుంచి నేను కోరేది ఇది. ఆ రిపోర్టును తీసేసి, కప్ చివరి రెండు సీజన్ల ఆట నిజంగా చూసినవారితో కొత్తది రాయించండి. అందులో స్లాట్ ఎవరిదన్న ప్రశ్న, బ్లాకింగ్, క్యూబియాక్ పద్ధతి, మ్యాచ్‌కి సగటు లెక్క తప్పకుండా ఉండాలి. పాత రిపోర్టులో ఏమేం తప్పులున్నాయో యాప్‌లో అందరికీ కనబడేలా చెప్పండి. విడిగా రుసుం కట్టిన చందాదారులందరికీ, నాకొక్కడికే కాదు, ఆ డబ్బు వెనక్కి ఇవ్వండి. ఇకపై ప్రతి రిపోర్టు కింద రాసినవారు ఏయే మ్యాచ్‌లు చూశారో పేర్కొనండి.

ఈ నెల 24న డ్రాఫ్ట్ మొదలవుతుంది. సీహాక్స్ మొదటి రౌండ్లలోనే రిసీవర్ కోసం చూడాలా వద్దా అన్నది మీ పాఠకులు కప్ రిపోర్టును బట్టే ఊహించుకుంటారు. కాబట్టి సవరణ ఆలోపే రావాలి. అప్పటికీ జవాబు రాకపోతే చందా రద్దు చేసుకుని, రుసుం విషయం రాష్ట్ర వినియోగదారుల ఫిర్యాదుల విభాగానికి రాస్తాను. రిపోర్టు కొన్న రసీదు, మీ జవాబు, మార్చకముందు తీసుకున్న స్క్రీన్‌షాట్లు ఈ లేఖతో జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ తెలుగు విభాగం చందాదారుడు