మసాలా చాక్లెట్, కాఫీ పుల్ల ఐసు కిట్టుపై ఫిర్యాదు

మైలాపూరు,
చెన్నై.

వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: కిట్టు పెట్టె మీది ప్రకటనకూ లోపలి సరుకుకూ పొంతన లేకపోవడం, తయారీ సూచనలు పనికిరాకపోవడం, మీ సేవా విభాగం ఇచ్చిన సమాధానం గురించి.

అయ్యా,

ఇంట్లోనే మసాలా చాక్లెట్, కాఫీ పుల్ల ఐసులు చేసుకోవడానికంటూ మీ సంస్థ తన సొంత వెబ్‌సైటులో అమ్ముతున్న కిట్టును ఈ వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంటులోని తెలుగు కుటుంబాల పిల్లల కోసం కొన్నాను. పొడి పొట్లాలు, పైపూతకు చాక్లెట్ బిళ్ళలు, మూతలున్న అచ్చులు, పుల్లలు అన్నీ అందాయి. అచ్చుల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. మూతలు బిగుతుగా ఉన్నాయి, ఐసు విరగకుండా ఊడి వస్తోంది. నా ఫిర్యాదంతా వాటిలో పోయడానికి మీరిచ్చిన పదార్థం గురించీ, దాన్ని తయారు చేయమన్న పద్ధతి గురించీ.

పెట్టె ముందు భాగంలో కోసిన కోకో కాయ, ఎర్రటి కాఫీ పండ్ల గుత్తి, దాల్చినచెక్క కట్ట బొమ్మలు వేసి, వాటి కింద ‘అసలైన డార్క్ చాక్లెట్, స్వచ్ఛమైన కాఫీ, ఏరి కూర్చిన మసాలాలు’ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. వెనక వైపు అట్ట మడత కింద, పెద్దవాళ్ళు కళ్ళజోడు పెట్టుకున్నా చదవలేనంత చిన్న అక్షరాల్లో, పదార్థాల జాబితా ఉంది. అందులో మొదటిది చక్కెర, రెండవది పిండిపదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడి, మూడవది హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ (అంటే వనస్పతి), ఆ తరువాత పాలపొడి, ఆ తరువాతే కోకో పొడి, కాఫీ చికోరీ మిశ్రమం (చికోరీ అంటే ఒక మొక్క వేరును వేయించి కొట్టిన పొడి), కారమెల్ రంగు, చిట్టచివర నేచర్ ఐడెంటికల్, అంటే సహజమైనదాన్ని పోలేలా కృత్రిమంగా చేసిన, దాల్చిన ఫ్లేవర్. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది మన దేశంలో ఉన్న నియమం కనుక, పెట్టె మీద బొమ్మలుగా వెలిగిపోతున్న మూడింటిలో రెండు జాబితా చివరి సగంలోకి జారిపోయాయనీ, మూడవదైన దాల్చినచెక్క లోపల అసలే లేదనీ మీ జాబితాయే చెబుతోంది. దాని బదులు దాల్చిన వాసన ఉంది. ముదురు గోధుమ వర్ణం కూడా పూర్తిగా కోకోది కాదు, అందులో కారమెల్ రంగుకు వాటా ఉంది.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం, ఒక పదార్థం తమ సరుకులో ఉన్నదని మాటలతోగానీ బొమ్మలతోగానీ నొక్కి చెప్పే తయారీదారు, అది ఎంత శాతం ఉన్నదో కూడా పెట్టె మీద తెలియజేయాలి. మీ పెట్టె మీద కోకో శాతం లేదు, కాఫీ శాతం లేదు. కాఫీలో చికోరీ కలిపి అమ్మేటప్పుడు రెండింటి పాళ్ళు చెప్పడం, ఆ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకపోవడం కూడా నియమమే. మా వీధి చివర గింజలు వేయించి, మన కళ్ళ ముందే పొడి కొట్టి ఇచ్చే చిన్న కాఫీ దుకాణంలో సైతం కాఫీ గింజల రకాలైన పీబెర్రీ ఎంత, ప్లాంటేషన్ ఎంత, చికోరీ ఎంత అని అడిగి, చెప్పిన పాళ్ళలోనే కలిపి, పొట్లం మీద ఆ అంకె వేసి చేతికిస్తారు. చికోరీ వేయడం తప్పని నేను అనడం లేదు. చెన్నైలో డికాక్షన్‌కు చిక్కదనం, రంగు రావాలని ఎంతోమంది కోరి వేయించుకుంటారు. కానీ చికోరీ కలిసిన పొడిని ‘స్వచ్ఛమైన కాఫీ’ అనడం మాత్రం అబద్ధం, దాన్ని మరో పేరుతో పిలవడం నాకు చేతకాదు.

పైపూతకు ఇచ్చిన బిళ్ళల సంగతి ఇంకా విచారకరం. చాక్లెట్‌కు ప్రాణం కోకో వెన్న. అది సుమారు 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికి కాస్త తక్కువలో, కరుగుతుంది. నోట్లో వేసుకున్న చాక్లెట్ హాయిగా కరిగిపోవడానికి కారణం అదే. ఈ బిళ్ళల్లో ఉన్న హైడ్రోజనేటెడ్ కొవ్వు అంతకంటే ఎక్కువ వేడికిగానీ కరగదు. మామూలుగా తింటేనే నాలుకకు పట్టుకునే ఆ కొవ్వు, ఐసు చల్లదనంతో నోరు చల్లబడినప్పుడు అసలే కరగక, అంగిటికి మైనంలా అంటుకుపోతుంది. పిల్లలు పైపూతను పళ్ళతో ఒలిచి పక్కన పెట్టి లోపలి ఐసు మాత్రమే తిన్నారు. దీన్ని బజారులో కాంపౌండ్ అంటారనీ, ధర తక్కువ కనుక బేకరీల్లో వాడతారనీ నాకు తెలుసు. కాంపౌండ్ అని రాసి అమ్మితే కొనేవాళ్ళు తెలిసే కొంటారు. మాది గోదావరి జిల్లా. అక్కడ కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా కోకో పండిస్తారు. కాయ కొట్టి, గింజలను పులియబెట్టి, ఎండబెట్టడానికి ఆ రైతులు పడే శ్రమ చూస్తూ పెరిగినదాన్ని. ఆ కాయ బొమ్మ ముందు వేసి వెనక వనస్పతి అమ్మడం నాకు మామూలు వ్యాపార చమత్కారంగా కనబడలేదు.

ఇక తయారీ పద్ధతి. ‘పొడిని చల్లటి పాలలో వేసి గిలకొట్టండి, అచ్చుల్లో పోయండి, నాలుగు గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి, మెత్తటి కుల్ఫీ సిద్ధం’ అని మీ సూచన. ఒక్క అక్షరం తప్పకుండా అలాగే చేశాము. కోకో పొడి చల్లటి పాలలో కలవదు. పైన ఉండలు కట్టి తేలుతుంది, తేలనిది అడుగుకు దిగుతుంది. దాన్ని ముందు కొద్దిపాటి వేడి పాలతో ముద్దగా మెదిపి, ఆ తరువాత మిగతా పాలలో కలిపి ఒక పొంగు రానివ్వాలన్నది కోకో వాడే ఏ వంటింట్లోనైనా తెలిసిన విషయం. అచ్చులో నుంచి తీసిన ఐసు కొసన చేదు గడ్డగా, మధ్యలో వెలవెలబోయిన ఐసు పలుకులతో, పుల్ల దగ్గర పొడిపొడిగా ఉంది.

పలుకులు కట్టడానికి కారణం కూడా మీ సూచనలోనే ఉంది. ఆవుపాలలో దాదాపు 87 శాతం నీరే. ఆ నీటిని తగ్గించకుండా, కలియబెట్టే యంత్రమేదీ లేని ఇంటి ఫ్రీజర్‌లో పెడితే అది పెద్ద పలుకులుగా గడ్డకట్టక మానదు. మన కుల్ఫీ చేసేవాళ్ళు పాలను గంటల తరబడి కాచి సగానికో మూడో వంతుకో దించేది ఇందుకే. నీరు తగ్గే కొద్దీ కొవ్వు, చక్కెర, పాలలోని ఇతర ఘనపదార్థాలు చిక్కబడి పలుకులను పెరగనివ్వవు. చక్కెర గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించి ఐసును మెత్తగా ఉంచుతుంది. మీరు పాలు కాచమని చెప్పలేదు సరికదా, ఏ పాలు వాడాలో కూడా చెప్పలేదు. ఇక్కడ చెన్నైలో తమిళనాడు సహకార పాల సంస్థ ఆవిన్ అమ్మే నీలం ప్యాకెట్టు పాలలో కొవ్వు 3 శాతం, నారింజ రంగు ప్యాకెట్టులో 6 శాతం. ఏ ప్యాకెట్టు కత్తిరించామన్న దాన్ని బట్టే ఐసు మారిపోతుందన్న సంగతి ఈ సరుకు తయారు చేసినవారికి తెలియకపోవడం నమ్మశక్యంగా లేదు.

మీ పొడిని పక్కన పెట్టి అవే అచ్చుల్లో మేము చేసిన పద్ధతిని రాస్తున్నాను. మీ సూచనలను సరిదిద్దుకోవడానికి పనికివస్తుంది. లీటరు నారింజ ప్యాకెట్టు పాలను రెండంగుళాల దాల్చినచెక్క, చిదిమిన ఆరు యాలకులు, కచ్చాపచ్చాగా దంచిన పది మిరియాలు వేసి సన్నని సెగ మీద సగానికి మరిగించి, మసాలా వడకట్టి తీసేశాము. ఆ వేడిలోనే 100 గ్రాముల చక్కెర, ముందుగా మెదిపి పెట్టుకున్న 40 గ్రాముల కోకో, చిటికెడు ఉప్పు కలిపి ఒక పొంగు రానిచ్చి, దించిన తరువాత 100 గ్రాముల అసలు డార్క్ చాక్లెట్ తరుగు, ఫిల్టరులో మొదటిసారి దిగిన చిక్కటి డికాక్షన్ 60 మిల్లీలీటర్లు చేర్చాము. పిల్లల వాటాలో డికాక్షన్ వేయలేదు. పూర్తిగా చల్లారాక ముందు ఫ్రిజ్‌లో ఉంచి, ఆపైన అచ్చుల్లో పోసి, రాత్రంతా ఫ్రీజర్‌లో వదిలేశాము. తెల్లవారి తీసిన ఐసులో పలుకు లేదు, ఉండ లేదు, యాలకుల వాసన మొదట, మిరియపు ఘాటు చివర తెలుస్తోంది.

మసాలా గురించి మీరు ఏ మాత్రం ఆలోచించలేదని ఇక్కడే స్పష్టమవుతోంది. చల్లటి పదార్థంలో తీపి, వాసన రెండూ నాలుకకు మందగిస్తాయి కనుక, వేడి పానీయానికి సరిపోయే మసాలా ఐసులో చాలదు. మిరపలోని కారం నీటిలో కాక కొవ్వులో కరిగే గుణం కలది. మెక్సికో ప్రాంతంలో యూరోపియన్లు రాకముందే కోకోను మిరపతో కలిపి తాగేవారు. ఆ సంప్రదాయం పేరు చెప్పి అమ్మదలిస్తే, ఒక గుండు మిరపకాయను గింజలు తీసి వెన్న ఉన్న పాలలో కాసేపు మరగనిచ్చి తీసేయమని చెప్పినా చాలు. దాల్చిన పొడిని నేరుగా కలపడం కూడా సరికాదు. బజారులో దాల్చినచెక్క పేరుతో దొరికే మందపాటి కాసియా పొడి తడిలో బంకగా సాగుతుంది. చెక్కగా వేసి, రసం దిగాక తీసివేయడమే మేలు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి ఉంది. పెట్టె పక్క భాగంలో ఐసు చప్పరిస్తున్న చిన్నపిల్ల బొమ్మ వేశారు. ఒక్కో ఐసులో కాఫీ ఎంత ఉన్నదో, కెఫీన్ ఎంత ఉన్నదో ఎక్కడా లేదు. పాలబువ్వ తినే వయసు పిల్లలకు కాఫీ ఇవ్వని ఇళ్ళు మావి. ఆ బొమ్మ చూసి ఇది పిల్లల పదార్థమనుకుని ఇచ్చే తల్లులు మరెందరో ఉంటారు. ఏ వయసు వారికి తగినదో చెప్పని ఆ బొమ్మను వెంటనే తీసివేయాలి. ఈ ఒక్క విషయంలో ఆలస్యానికి కారణాలు వినడానికి నేను సిద్ధంగా లేను.

ఇవన్నీ వివరించి, ఐసుల ఫొటోలు, జాబితా ఫొటో జతచేసి మీ సేవా విభాగానికి రాసినప్పుడు, ‘మీ ఫ్రీజర్ చల్లదనం తక్కువగా ఉండవచ్చు, తదుపరి కొనుగోలుపై తగ్గింపు కూపన్ పంపుతున్నాము’ అన్న రెండు వాక్యాల సమాధానం వచ్చింది, ఆ వెంటనే ఫిర్యాదు పరిష్కారమైనట్టు మూసివేశారు. మా ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంది, మరుసటి రాత్రి మేము చేసిన ఐసులు గడ్డకట్టినది కూడా దానిలోనే. లేబులు గురించి, చికోరీ గురించి, పిల్ల బొమ్మ గురించి ఆ సమాధానంలో ఒక్క మాట లేదు. కూపన్ నాకు అవసరం లేదు. నచ్చని సరుకునే మళ్ళీ కొనమనడం పరిహారం కాదు.

కాబట్టి నేను చెల్లించిన పూర్తి మొత్తాన్ని రవాణా ఖర్చుతో సహా తిరిగి ఇవ్వవలసిందనీ, పెట్టె మీద కోకో, కాఫీ, చికోరీ శాతాలను చదవగలిగే అక్షరాల్లో ముద్రించి, ‘అసలైన’, ‘స్వచ్ఛమైన’ అన్న మాటలనూ లోపల లేని దాల్చినచెక్క బొమ్మనూ తొలగించవలసిందనీ, తయారీ సూచనలను మామూలు ఇంటి ఫ్రీజర్‌లో పరీక్షించి తెలుగు, తమిళ భాషల్లో కూడా మళ్ళీ రాయవలసిందనీ కోరుతున్నాను. ఇప్పటికే కొన్నవారికి సవరించిన సూచనలను మీ వెబ్‌సైటు ద్వారా తెలియజేయడం కూడా మీ బాధ్యతే.

ఆన్‌లైన్ అమ్మకాలకు వర్తించే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ లేఖ అందినట్టు 48 గంటలలోగా తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించవలసి ఉంటుంది. అలా జరగని పక్షంలో 1915 నంబరు ద్వారా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికీ, లేబులు విషయమై ఆహార భద్రత అధికారులకూ ఫిర్యాదు చేస్తాను; 2019 వినియోగదారుల రక్షణ చట్టం నేను నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయడానికి వీలు కల్పిస్తోంది.

బిల్లు, పెట్టె నాలుగు వైపుల ఫొటోలు, మీ సేవా విభాగం సమాధానం ఈ లేఖతో జతచేశాను. కిట్టులో ఒక పొడి పొట్లాన్ని, బిళ్ళల ప్యాకెట్టును తెరవకుండా భద్రపరిచాను. పరీక్ష కోసం అడిగితే రసీదు తీసుకుని అప్పగిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
మైలాపూరు, చెన్నై.