సైకిల్ జీపీఎస్ మీటర్ల రిపేర్లు: మా తిరుపతి షాపు కస్టమర్లకు ఉన్నదున్నట్టు

ఈ మధ్య మన రైడర్ల వాట్సాప్ గ్రూపులో చిత్తూరు నుంచి ఒకాయన సూటిగానే అడిగారు. "అన్నా, ఇరవై వేలు పోసి మీటరు మీ దగ్గరే కొన్నాను. రెండేళ్లు కూడా కాలేదు, ఫుల్ చార్జ్ పెట్టి బయల్దేరితే కాణిపాకం పోయి వచ్చేలోపు ఆఫ్ అవుతోంది. మీరేమో కంపెనీకి పంపమంటారు, కంపెనీ వాళ్లేమో కొత్తది కొనుక్కోమంటారు. ఇంక మీ దగ్గర కొని ఏం లాభం?" అడగాల్సిన ప్రశ్నే. ఆయనంటున్న మీటరు సైకిల్ హ్యాండిల్ మీద బిగించి దారి, దూరం, ఎత్తు చూసుకునే జీపీఎస్ పరికరం. గ్రూపులో నాలుగు ముక్కల్లో తేలేది కాదని ఇక్కడ రాస్తున్నాను. ఏది బాగవుతుంది, ఏది కాదు, ఎంతవుతుంది, వచ్చే నెల నుంచి మేం ఏ మీటర్లు అమ్ముతాం, ఏవి ఆపేస్తున్నాం, అన్నీ చెప్తాను.

ముందు ఒక విషయం. మీటర్ల మీద మాకు పెద్దగా మిగిలేదేమీ లేదు. ఆన్‌లైన్ రేటుకు ఇవ్వకపోతే ఎవరూ కొనరు, ఆ రేటుకిస్తే మిగిలేది రెండు మూడు ఫుల్ సర్వీసింగుల డబ్బు. అయినా అమ్ముతున్నది మీరు అడుగుతున్నారని. కాబట్టి ఈ రాతలో ఏదీ సరుకు అంటగట్టడానికి రాసింది కాదు. ఆదివారం పొద్దున చంద్రగిరి కోట దాకా పోయి ఇడ్లీ తిని వచ్చేవాళ్లకు జేబులో ఫోనే చాలు. మీటరు కొనొద్దు అని ఇప్పటికే చాలామందికి చెప్పాను, మళ్లీ చెప్తున్నాను.

మా కౌంటర్ మీదికి వచ్చే చచ్చిన మీటర్లలో ఎక్కువ భాగం చచ్చింది తడితో. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పారాయో మర్చిపోలేం. ఆ సీజన్ అయ్యాక ప్రతి ఏడూ అదే మాట వింటాం: "వాటర్‌ప్రూఫ్ అన్నారు కదా!" డబ్బా మీద ఐపీఎక్స్7 అని ఉంటుంది. దానర్థం, ఒక మీటరు లోతు (మూడడుగుల పైన) నీళ్లలో అరగంట ఉంచినా వస్తువు పాడు కాకూడదని. అది కదలని మంచినీళ్లలో, కొత్త వస్తువు మీద చేసే పరీక్ష. వాటర్ సర్వీసింగ్‌లో గన్నుతో కొట్టే నీళ్లకు ఆ 7 నంబరు వర్తించదు, దానికి వేరే పరీక్షలున్నాయి. సైకిల్ కడిగించేటప్పుడు దయచేసి మీటరు తీసి జేబులో పెట్టుకోండి.

వాన కంటే పెద్ద శత్రువు చెమట. మీటరు వెనక రబ్బరు మూత ఎత్తి టార్చ్ వేసి చూస్తే, యూఎస్‌బీ పోర్టు పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తుంది. మే నెలలో భాకరాపేట ఘాట్ ఎక్కితే గడ్డం మీద నుంచి చుక్కచుక్కగా కారే చెమటంతా హ్యాండిల్ మీద మీటరు మీదే పడుతుంది. అందులో ఉప్పుంటుంది. ఇంటికొచ్చి ఆ తడి మీదే చార్జర్ గుచ్చితే, కరెంటు పారేకొద్దీ పిన్నుల లోహం కరిగిపోతుంది. తడి ఒక్కటే అయితే ఆరిపోయేది. తడి, ఉప్పు, కరెంటు మూడూ కలిస్తే కొన్ని నెలల్లో పోర్టు అయిపోతుంది. మీరు చెయ్యాల్సింది చిన్న పని. రైడ్ అయ్యాక మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, మూత తెరిచి ఫ్యాన్ కింద పెట్టండి. స్నానం, టిఫిన్ అయ్యాకే చార్జింగ్.

బ్రెవేలకు, అంటే ఇచ్చిన టైమ్‌లో పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్లకు, పోయేవాళ్లకు ఇంకో మాట. 400 కిలోమీటర్లకు ఇచ్చే టైమ్ 27 గంటలు. రాత్రిపూట పవర్ బ్యాంక్ కేబుల్ తగిలించి తొక్కక తప్పదు. కేబుల్ తగిలించి ఉందంటే రబ్బరు మూత తెరిచే ఉందన్నమాట. అప్పుడు వాన పడితే ఐపీఎక్స్7 గురించి మాట్లాడుకుని లాభం లేదు. వాన మొదలవగానే కేబుల్ పీకి మూత నొక్కండి. లేదా బయల్దేరే ముందే స్క్రీన్ వెలుతురు తగ్గించి, మ్యాప్ పేజీ మాటిమాటికీ తెరవకుండా బ్యాటరీ మిగుల్చుకోండి.

తర్వాతిది ఎండ. తిరుపతిలో ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలే. అది నీడలో లెక్క. ఎండలో హ్యాండిల్ మీద నల్ల ప్లాస్టిక్ డబ్బా ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. ఇలాంటి మీటర్లను మామూలుగా 60 డిగ్రీల దాకా వాడొచ్చంటారు కానీ, చార్జింగ్‌కు మాత్రం హద్దు 45 డిగ్రీలే. మధ్యాహ్నం ఎండలో పవర్ బ్యాంక్‌తో చార్జ్ చేసినా, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసినా లోపలి లిథియం సెల్ (బ్యాటరీ) తొందరగా ముసలిదైపోతుంది. ఫుల్ చార్జ్‌లో ఉంచి వేడిలో పెడితే మరీ తొందరగా. ఆరు నెలలు తొక్కకుండా బీరువాలో పెట్టేవాళ్లు సగం చార్జ్‌తో పెట్టండి. సున్నాకు దిగిపోయిన సెల్‌ను చాలాసార్లు లేపలేం.

ఒక సంగతి మాత్రం ఈ రోజే చూసుకోండి. మీటరును పక్కనుంచి పట్టుకుని స్క్రీన్ అంచు చూడండి. ఒక మూల గోరు దూరేంత సందు వచ్చిందంటే లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. దాన్ని నొక్కి సరిచెయ్యాలని చూడొద్దు, చార్జ్ పెట్టొద్దు. ఆపేసి తీసుకురండి.

ఇక రిపేర్ల దగ్గరికి వస్తాను.

మీటరు వెనక ఉండే, హ్యాండిల్ మీది మౌంట్‌లో (బిగింపులో) తిప్పి బిగించే రెండు చిన్న ప్లాస్టిక్ చెవులు విరగడం మా దగ్గర అన్నిటికంటే ఎక్కువగా చూసే రిపేరు. రోడ్డు గుంతలకు కొన్ని, తిప్పాల్సిన దిక్కుకు కాకుండా లాగి పీకినందుకు కొన్ని. దీనికి మీటరు విప్పక్కర్లేదు. విరిగిన చోట గీకి చదును చేసి కొత్త చెవుల ముక్క అంటిస్తాం. మూడు నాలుగు వందలవుతుంది, మర్నాడు ఇస్తాం. అంటించిన ముక్క ఒరిజినల్ అంత గట్టిగా ఉంటుందని మాట ఇవ్వను. అందుకే దానితో పాటు హ్యాండిల్‌కు కట్టుకునే తాడు ఊరికే ఇస్తాం. కట్టుకోండి, దాచిపెట్టకండి.

"ఘాట్ ఎక్కుతుంటే దిగుతున్నట్టు చూపిస్తోంది" అని వచ్చే మీటర్లకు అసలు రిపేరే అక్కర్లేదు. ఎత్తు కొలిచేది గాలి ఒత్తిడిని బట్టి. దానికోసం డబ్బాకు సూదిమొన అంత రంధ్రాలుంటాయి. చెమట ఆరి ఉప్పు పేరుకుంటే అవి మూసుకుపోతాయి. గోరువెచ్చని సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి ఆరబెడితే చాలాసార్లు సరిపోతుంది. పిన్నీసుతో మాత్రం పొడవకండి, లోపలి పొర చిరిగితే నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. ఈ కడుగుడుకు మేం డబ్బులు తీసుకోం.

బ్యాటరీ మార్పిడి దగ్గరే చిక్కంతా. మన మీటర్లలో చాలావాటికి పై అద్దం, కింది డబ్బా జిగురుతో అంటించి ఉంటాయి. గాంధీ రోడ్డు వైపు ఫోన్ల రిపేరు చేసే కుర్రాడొకడు ఈ పని శ్రద్ధగా చేస్తాడు, మేం అతని చేతే చేయిస్తాం. హీటింగ్ ప్లేట్ మీద పెట్టి జిగురు మెత్తబడ్డాక, పల్చటి ప్లాస్టిక్ రేకుతో అంచు చుట్టూ మెల్లగా తిప్పుతూ విప్పుతాడు. లోపల సెల్ మీద 603040 లాంటి నంబరు ఉంటుంది. 6 మిల్లీమీటర్ల మందం, 30 వెడల్పు, 40 పొడవు అని. ఆ కొలతకు సెల్ దొరకాలి. దొరికినా, పాత దానికి మూడు వైర్లుంటే కొత్తదానికీ మూడు ఉండాలి. ఆ మూడోది వేడి చూసే సెన్సర్‌ది. రెండు వైర్ల సెల్ వేస్తే కొన్ని మీటర్లు చార్జే ఎక్కించుకోవు, కొన్ని ఎక్కించుకుంటాయి కానీ వేడెక్కినప్పుడు ఆపుకోవు. రెండోది మరీ ప్రమాదం. సరైన సెల్ దొరక్కపోతే మీటరు తిరిగి ఇచ్చేస్తాం, ఏదో ఒకటి పెట్టి మూసెయ్యం. ఇలాంటి విడి సెల్స్ ప్రయాణికుల విమానాల్లో సరుకుగా రానివ్వరు, మాకు రోడ్డు మీదే వస్తాయి. అందుకే రెండు మూడు వారాలు ఆగమంటున్నాం.

ఖర్చు పన్నెండు వందల నుంచి పద్దెనిమిది వందల దాకా. కొత్త జిగురు వేసి, రాత్రంతా క్లిప్పులు పెట్టి అతికిస్తాం. అయినా ఒకసారి విప్పిన మీటరుకు ఐపీఎక్స్7 ఉందని మేం రాసివ్వం. జల్లుకు తట్టుకుంటుంది, జోరువానలో ప్లాస్టిక్ కవర్ వేసుకోవాలి. ఈ మాట ఒప్పుకున్నవాళ్ల మీటర్లే విప్పుతాం. వారంటీ ఉన్నది మాత్రం మేం ముట్టుకోం, విప్పితే మీ వారంటీ పోతుంది.

టచ్ స్క్రీన్ పగిలినవి, బోర్డు కాలినవి మా వల్ల కాదు. ఆ పార్టులు మాలాంటి షాపులకు కంపెనీలు అమ్మవు. చాలా కంపెనీలు వారంటీలో కూడా రిపేరు చెయ్యవు, పాతది తీసుకుని వేరేది పంపుతాయి. ఆ పద్ధతి వారంటీ ఉన్నన్నాళ్లు బాగుంటుంది. ఆ తర్వాత చిన్న రబ్బరు మూత చిరిగినా మీటరే మార్చాలంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలు కొన్నవాళ్లే మార్చుకునేలా ఉండాలన్న రూలు వస్తోంది, తడిలో వాడే వస్తువులకు కొన్ని మినహాయింపులతో. మన దగ్గర కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (కొన్నది బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది. సైకిల్ మీటర్ల దాకా అది ఎప్పుడు వస్తుందో గానీ, వారంటీ ఉండగా కంపెనీ పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. బిల్లు కావాలి. ఆ బిల్లు లేకనే "దుబాయ్ నుంచి బావమరిది తెచ్చాడు" అనే మీటర్లతో మేం ఏమీ చెయ్యలేకపోతున్నాం. చాలా వారంటీలు కొన్న దేశంలోనే చెల్లుతాయి.

మీటరు పైకి బాగానే ఉండి సాఫ్ట్‌వేర్ వల్ల మూలపడటం ఇంకో రకం చావు. జీపీఎస్ సిగ్నల్‌లో వారాల లెక్క 1,023 దాకా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్ 6న అలా తిరిగింది. అప్‌డేట్ రాని పాత పరికరాలు కొన్ని దారి సరిగ్గానే చూపిస్తూ తేదీ మాత్రం దాదాపు ఇరవై ఏళ్ల వెనక్కి పోయాయి. 2020 జులైలో మీటర్లు చేసే గార్మిన్ కంపెనీ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు వాళ్ల యాప్ ఆగిపోయింది. అప్పుడు కూడా రైడ్ ఫైళ్లు మీటరులోనే ఉన్నాయి. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, ఆ రైడ్ ఫైలు (దాన్నే ఫిట్ ఫైలు అంటారు) తీసి, రైడ్లు దాచుకునే స్ట్రావా యాప్‌లో ఎక్కించుకున్నవాళ్లకు ఏ టెన్షనూ లేదు. ఈ సౌకర్యం ఉందా లేదా అన్నది కొనేముందు చూడండి.

నావిక్, అంటే జీపీఎస్ లాంటి మన ఇస్రో వ్యవస్థ, ఉందా అని కూడా చాలామంది అడుగుతున్నారు. శ్రీహరికోట మన జిల్లాలోనే ఉంది కాబట్టి ఆ ముచ్చట నాకూ ఉంది. కానీ మొదటి నావిక్ ఉపగ్రహాలు ఎల్5, ఎస్ అనే రేడియో బ్యాండుల్లోనే సిగ్నల్ పంపేవి. మామూలు మీటర్లు వినేది ఎల్1 అనే వేరే బ్యాండు. ఎల్1లో పంపే మొదటి నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01, 2023 మే 29న ఎగిరింది. మీటరు లోపలి చిప్‌కు నావిక్ సిగ్నల్ అందుకునే శక్తి లేకపోతే అప్‌డేట్‌తో రాదు. దీనికోసం బాగున్న మీటరు మార్చకండి.

వచ్చే నెల నుంచి మేం అమ్మేవి రెండు కంపెనీల మీటర్లే. బిల్లుతో ఇచ్చి, వారంటీలో పాడైతే మా షాపు నుంచే వెనక్కి తీసుకునే డీలర్ ఉన్నవి, వెనక మూత, పోర్టు రబ్బరు విడిగా దొరికేవి, ఫైలు కేబుల్‌తో తీసుకోగలిగేవి. వేరే ఒక బ్రాండ్ ఆపేస్తున్నాం. మీటరు మంచిదే, రేటూ తక్కువే. కానీ దాన్ని దిగుమతి చేసే డీలర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ బ్రాండ్ మా దగ్గర కొన్నవాళ్లకు వారంటీ మిగిలుంటే, దాని భారం మాదే. మా దగ్గరున్న మిగతా పీసులు మీకోసమే పక్కన పెట్టాను.

మీటరు రిపేరులో ఉండగా బ్రెవే వస్తే, డిపాజిట్ కట్టి మా దగ్గరున్న పాత బటన్ల మీటరు తీసుకుపోవచ్చు. ఒకటే ఉంది, ముందు చెప్పినవాళ్లకు ముందు. గ్రూపులో అడిగిన చిత్తూరు అన్నకు సెల్ ఆర్డర్ పెట్టాం, మూడు వైర్లదే దొరికింది. చిత్తూరు వైపు వాళ్లు తిరుపతి దాకా రానక్కర్లేదు, నెలలో మొదటి ఆదివారం నేనే అటు వస్తున్నాను, గ్రూపులో చెప్తే వచ్చి తీసుకుంటాను.

ఇంట్లో చచ్చిన మీటర్లు పడుంటే చెత్తబుట్టలో వెయ్యకండి. వాటి బటన్లు, మూతలు, రబ్బర్లు ఇంకొకరి మీటరుకు పనికొస్తాయి, దాన్ని బట్టి మీ రిపేరు బిల్లులో వంద రెండు వందలు తగ్గిస్తాం. ఉబ్బిన బ్యాటరీ ఉన్నవాటిని మాత్రం బస్సు పార్సిల్‌లో వేసి పంపొద్దు, చేతికే తెచ్చివ్వండి.