చలేస్తే చలేస్తోందని చెప్పు తల్లీ

బుజ్జితల్లికి,

మీ స్విట్జర్లాండ్ టూర్ గురించి మీ సార్ పంపిన ప్రోగ్రాం షీట్ మొత్తం చదివాను. ముందు దావోస్‌లో మంచు పరిశోధన సంస్థ, మధ్యలో ఒకరోజు గైడుతో, మంచులో కాళ్లు దిగబడకుండా బూట్లకు కట్టుకునే స్నోషూలు వేసుకుని నడక, చివర్లో రైల్లో కొండ మీది స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోఖ్. ఫిబ్రవరి నెల, ఆల్ప్స్ కొండలు. సూట్‌కేసు, వీసా కాగితాలు, ఇన్సూరెన్స్ సంగతి మీ అమ్మ చూసుకుంటోంది. ఆవిడ చేతిలో పడ్డాక వాటి గురించి నేను మాట్లాడేదేం లేదు. అందుకని వేరే విషయం రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అనేసి పెట్టేస్తావు.

నీ అలవాటు నాకు తెలుసు. జ్వరం ఒళ్లు కాలిపోయేదాకా పైకి చెప్పవు. బూటు కరిచి మడమ పుండైనా అందరితో పాటు నడుస్తూనే ఉంటావు. "అందరూ బాగానే ఉన్నారు కదా, నా ఒక్కదాని కోసం ఎందుకు ఆపాలి" అనుకుంటావు. ఇంట్లో దాన్ని ఓర్పు అని మెచ్చుకున్నాం కూడా. అక్కడ మాత్రం ఆ ఓర్పు పనికిరాదు. నీకే కాదు, నీ వెనక నడిచేవాళ్లకు కూడా ముప్పే.

ముందు చలి సంగతి. మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది 35 కంటే కిందికి పడితే డాక్టర్లు హైపోథెర్మియా అంటారు. అందులో మోసం ఏమిటంటే, ఒళ్లు చల్లబడే కొద్దీ బుర్ర మందగిస్తుంది. తన పరిస్థితి ఏమిటో తేల్చుకోవాల్సిన బుర్రే సరిగ్గా పనిచేయదన్నమాట. అందుకే అప్పుడు మనిషి చెప్పే "నేను బాగానే ఉన్నా" అనే మాటను గైడులు నమ్మరు. జాకెట్ జిప్పు పెట్టుకోలేక తడబడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, నడకలో తూలుతున్నా, ఊరికే చిరాకు పడుతున్నా వాళ్లకు అనుమానం వస్తుంది. గజగజ వణుకుతున్న మనిషికి ఉన్నట్టుండి వణుకు ఆగిపోతే తేరుకున్నారని సంబరపడకూడదు. పరిస్థితి ఇంకా దిగజారిందని అర్థం.

కాబట్టి మీ బ్యాచ్‌లో ఇద్దరిద్దరు జట్టుగా ఉండండి. మీ జట్టు అమ్మాయి ముఖం నువ్వు చూడు, నీ ముఖం తను చూడాలి. ముక్కు కొన, బుగ్గలు, చెవి తమ్మెలు పాలిపోయి తెల్లమచ్చ పడితే అది చలికాటుకు మొదలు. అక్కడ స్పర్శ పోతుంది కనుక మచ్చ ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు. రుద్దకూడదు. వెచ్చటి అరచేయి దానిమీద ఆనించి ఉంచాలి. వేళ్లు మొద్దుబారితే చంకలో పెట్టుకో. ఎంత కష్టపడి కొనుక్కున్నా సరే, కాటన్ బనియన్లు లోపల వేసుకోకు. చెమటకు తడిస్తే ఆరవు, ఒంటి వేడినంతా లాగేస్తాయి. ఉన్నిది కానీ, స్పోర్ట్స్ బట్టల పాలియెస్టర్ కానీ మేలు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో. ఆ చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది.

యుంగ్‌ఫ్రౌయోఖ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కొండను తొలిచి వేసిన ఆ రైలు మార్గం 1912లో పూర్తయింది. స్టేషన్ ఎత్తు 3,454 మీటర్లు. కింద ఇంటర్‌లాకెన్ 570 మీటర్లు కూడా ఉండదు. అంత ఎత్తును కూర్చున్నచోటే కూర్చుని గంటల్లో ఎక్కేస్తారు, ఒంటికి అలవాటు పడే టైమే ఉండదు. పైన గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండొంతులే. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే సెల్ఫీ కోసం ఆగకుండా మీ సార్‌కి చెప్పి కిందికి వెళ్లే రైలెక్కు. దానికి మించిన మందు లేదు. బాగుంటే మాత్రం కిటికీల దగ్గర నిలబడి ఆలెచ్ హిమానీనదాన్ని తనివితీరా చూడు. ఆల్ప్స్‌లో అంత పెద్దది ఇంకోటి లేదు, 20 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. అక్కడి వాళ్లకు అది కరగడం పేపర్లో చదివే వార్త కాదు. 2022, 2023 రెండేళ్లలోనే స్విట్జర్లాండ్ హిమానీనదాల మంచులో పదో వంతు పోయింది. నల్లకళ్లద్దాలు తీయకు. కొత్తగా పడ్డ మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి కళ్లలోకే కొడుతుంది.

ఇక నేను అసలు రాయాలనుకున్నది మంచుచరియల గురించి. మీ షీట్‌లో "స్నో పిట్" అని ఒక్క మాట రాసి వదిలేశారు. నాకైతే టూర్ మొత్తంలో అదే గొప్ప క్లాసు, చరియ ఎందుకు విరుగుతుందో అందులోనే కనబడుతుంది. పారతో మంచును నేలదాకా నిలువుగా తవ్వి, ఒక గోడను నున్నగా చెక్కుతారు. ఆ గోడలో ఆ చలికాలం మొత్తం పొరలు పొరలుగా కనబడుతుంది. ఎప్పుడు కురిసింది, ఎప్పుడు ఎండకాసి పైపొర గట్టిపడింది, ఎప్పుడు గాలి తోసుకొచ్చి పోసింది, అన్నీ. ముందు పిడికిలితో నొక్కుతారు, దిగకపోతే నాలుగు వేళ్లతో, తర్వాత ఒక వేలితో, ఆపైన పెన్సిల్‌తో, చివరికి చాకుతో. ఏది దిగిందో దాన్నిబట్టి ఆ పొర గట్టిదనం రాసుకుంటారు. అన్నిటికంటే కిందిపొరను చేత్తో తీసి చూడు. ముద్ద కట్టదు, పంచదార పలుకుల్లా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. నేల దగ్గర మంచు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైన గాలి మైనస్ పదిహేను. ఆ తేడాకి అడుగునుంచి నీటి ఆవిరి పైకి పాకుతూ మంచు పలుకుల రూపం మార్చేస్తుంది. పెద్దవవుతాయి, కోణాలు తేలతాయి, ఒకదాన్నొకటి పట్టుకోవు. భూతద్దం ఇస్తారు, తొందరపడకుండా చూడు.

పట్టులేని అలాంటి పొర మీద గాలి కొట్టి బిగించిన మంచు పలకలా పేరుకుంటుంది. వాలు 30 డిగ్రీలు దాటిన చోట ఒక మనిషి బరువు చాలు, అడుగుపొర విరిగి, పలక మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. మంచుచరియల్లో చిక్కుకున్నవాళ్లలో పదికి తొమ్మిది సందర్భాల్లో దాన్ని కదిలించింది వాళ్లో, వాళ్ల బృందంలోని వాళ్లో. కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీయకపోతే బతికే ఆశ వేగంగా పడిపోతుంది. కాపాడడానికి హెలికాప్టర్‌ను పిలిచే ఫోన్ నంబరు 1414 గుర్తుపెట్టుకో కానీ, అంతలోపు పార పట్టి తవ్వాల్సింది పక్కన ఉన్నవాళ్లే.

దావోస్‌లో నువ్వు చూడబోయే సంస్థ వాళ్లు దేశమంతటికీ రోజూ ప్రమాద స్థాయి చెబుతారు. చలికాలంలో సాయంత్రం 5కి ఒక బులెటిన్, మర్నాడు పొద్దున 8కి దాన్ని సరిచూసి ఇంకోటి. ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు. చనిపోయేవాళ్లలో దాదాపు సగం మంది ఏ స్థాయి రోజున పోతారో ఊహించు. ఐదు కాదు, నాలుగు కాదు, మూడు! నాలుగూ ఐదూ అంటే భయపడి ఎవరూ ఆ వాలుల మీదికి పోరు. మూడంటే మధ్యలో ఉంది కదా, పర్లేదులే అనుకుంటారు.

ఇంకోటి. ఇయన్ మెకామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన 700కు పైగా మంచుచరియల ప్రమాదాలను విడమరిచి చూశాడు. చాలా ప్రమాదాల్లో ముప్పు గుర్తులు ముందే కళ్లెదుట ఉన్నాయి. తెలియనివాళ్లు మాత్రమే చనిపోలేదు, శిక్షణ పొందినవాళ్లూ ఉన్నారు. అనుకున్నాం కాబట్టి వెళ్లాల్సిందే అనే పట్టుదల, ముందున్నవాడికి అన్నీ తెలుసనే నమ్మకం, నలుగురిలో మంచి అనిపించుకోవాలనే తాపత్రయం, ఇవే చాలామందిని ఆ వాలు మీదికి నడిపించాయి. చదువుతుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. మీకు వచ్చేది లైసెన్సు ఉన్న గైడే, తీసుకెళ్లేది వాలు తక్కువ దారిలోనే. కాదనను. అయినా కాళ్ల కింద మంచు "వుఫ్" మని కుంగిన శబ్దం వచ్చినా, బీటలు పాకినా అది పట్టులేని పొర విరిగిన గుర్తు. నువ్వు వరసలో ఆఖరున ఉంటే అది నీకొక్కదానికే వినబడొచ్చు. గైడు విన్నాడో లేదో అని ఆలోచిస్తూ కూర్చోకు, అక్కడే ఆగి గట్టిగా అరిచి చెప్పు. తప్పయితే నవ్వుతారు, నవ్వనీ.

చెప్పడం, వినడం వల్ల ఏమవుతుందో ఆ దేశమే ఈమధ్య చూపించింది. లోచెన్‌టాల్ లోయలో బ్లాటెన్ అనే ఊరుండేది. పైన కొండరాళ్లు విరిగి బిర్చ్ హిమానీనదం మీద పడుతున్నాయనీ, ఆ బరువుకి అది ముందుకు జరుగుతోందనీ గమనించినవాళ్లు చెప్పారు. అధికారులు విన్నారు. సుమారు 300 మందిని ఊరు ఖాళీ చేయించారు, పశువుల్ని కూడా తరలించారు. గాయపడిన ఒక ఆవునైతే హెలికాప్టర్‌కు వేలాడదీసి తీసుకెళ్లారు. 2025 మే 28న హిమానీనదం కూలి ఊరిలో చాలా భాగం రాళ్ల కింద పూడిపోయింది. ఒక మనిషి ప్రాణం పోయింది. ఊళ్లో జనం ఉండి ఉంటే ఎంతమంది పోయేవారో ఆలోచించు. అదే దేశంలో 1950-51 చలికాలంలో మంచుచరియలకు 98 మంది బలయ్యారు. దావోస్ పైన కొండవాలు మీద వరసలు వరసలుగా కనబడే ఉక్కు కంచెలు ఏమిటని గైడును అడుగు, ఆయన ఆ చలికాలం కథ నుంచి మొదలుపెడతాడు.

ఇంకేం రాయను. రాత్రి ఫోన్ చేసినప్పుడు "బాగున్నా నాన్నా" అంటే ఒప్పుకోను. వేళ్లు ఎలా ఉన్నాయి, మడమ ఎలా ఉంది, ఆ రోజు బులెటిన్‌లో అంకె ఎంత, అవి చెప్పు. స్నో పిట్ గోడలో ఎన్ని పొరలు తేలాయో నోట్‌బుక్‌లో బొమ్మ గీసి ఫోటో పంపు. అమ్మకి వేరేగా ఫోన్ చెయ్యి, ఇద్దరికీ కలిపి ఒకటే చేస్తే ఆవిడ ఊరుకోదు.

నాన్న