బ్రేక్ ఆయిల్‌లో చేరిన నీరు ఫిట్‌నెస్ పరీక్షలో బయటపడదు

సంపాదకుల వారికి,

కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా విశాఖ నుంచి అరకు, అనంతగిరి, లంబసింగి వైపు కార్లు, ట్యాక్సీలు బారులు తీరతాయి. బయలుదేరే ముందు టైర్లలో గాలి, రేడియేటర్‌లో కూలెంట్ చూసుకుంటారు. బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందని అడిగేవారు మాత్రం అరుదు. ఘాట్ రోడ్డు మీద ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉంటాయి కనుక ఈ లేఖ.

అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. మన కార్లలో వాడేది గ్లైకాల్ ఈథర్ రకం ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. మూత బిగించి ఉన్నా, బానెట్ కింద ఈ ద్రవం నిల్వ ఉండే డబ్బా గాలిరంధ్రం గుండా, చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాల గుండా తేమ మెల్లగా చేరుతూనే ఉంటుంది. సముద్రం పక్కనున్న మన ఊళ్లో ఏడాది పొడుగునా గాలిలో తేమే. బ్రేక్ ఆయిల్ నాణ్యతను డాట్ 3, డాట్ 4 వంటి అంకెలతో సీసా మీద రాస్తారు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో నూటికి 3.7 పాళ్లు నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచితే చక్రంతో పాటు తిరిగే డిస్కులు, వాటిని పట్టి ఆపే ప్యాడ్లు కాలిపోయేంత వేడెక్కుతాయి. ఆ వేడి, ప్యాడ్లను నొక్కే పిస్టన్ గుండా, ఆ పిస్టన్ ఉండే కాలిపర్‌లోని ద్రవానికి పాకుతుంది. నీరు చేరిన ద్రవం అక్కడ మరిగి ఆవిరవుతుంది. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నొక్కితే ఆ బలం చక్రానికి చేరకుండా ఆవిరిని అణచడానికే సరిపోతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. కిందికి దిగి టీ కోసం ఆగినప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. బండి కదలకపోతే చక్రాలకు గాలి తగలదు, డిస్కులోని వేడంతా లోపలికే వెళుతుంది. మళ్లీ బండి తీసి మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకు ఉండదు. చల్లారాక అంతా మామూలే. మర్నాడు గ్యారేజీకి తీసుకెళితే ఏ లోపమూ కనబడదు, బండి మళ్లీ అదే రోడ్డెక్కుతుంది.

రవాణా శాఖ చేసే ఫిట్‌నెస్ పరీక్షలోని లోటు కూడా ఇదే. రోలర్ల మీద ఎక్కించి బ్రేకు ఎంత బలంగా పడుతుందో కొలుస్తారు. అప్పుడు ద్రవం చల్లగా ఉంటుంది కాబట్టి నాలుగేళ్ల పాతదైనా పాసవుతుంది. ట్యాక్సీలకు మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఈ పరీక్ష ఉంది. సొంత కార్లకైతే 15 ఏళ్లు నిండేదాకా అదీ లేదు.

చాలా కంపెనీల మాన్యువళ్లలో రెండేళ్లకు లేదా 40,000 కిలోమీటర్లకు, ఏది ముందైతే అప్పుడు మార్చమని ఉంటుంది. మన తీరంలో రెండేళ్లు దాటనివ్వకూడదు. రంగు చూసి బాగుందనుకోవడం పొరపాటు, నీరు కంటికి కనబడదు. డబ్బాలో మట్టం తగ్గిందని పైన కాస్త పోయడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇంజిన్ ఆయిల్‌లాగా ఇది తిరుగుతూ ఉండదు. పైన పోసిన కొత్తది పైనే ఉంటుంది, చక్రాల దగ్గరి పాతది అక్కడే ఉంటుంది. పైగా ప్యాడ్లు అరిగితే మట్టం తగ్గడం సహజం, లేదా ఎక్కడో కారుతోంది. ఆ రెంటినీ చూడకుండా పోస్తే అసలు కారణం కప్పబడిపోతుంది.

సిరంజితో డబ్బాలోది లాగేసి కొత్తది నింపి, ‘మార్చాం’ అని బిల్లు రాయడం కొన్ని చోట్ల అలవాటైంది. అది మార్చడం కాదు. నాలుగు చక్రాల దగ్గర పాత ద్రవం బయటికి వదిలే చిన్న మరలు, అంటే నిపిళ్లు, తెరవాలి. పెడల్ బలాన్ని ద్రవానికి అందించే మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో, అంటే మన కార్లలో సాధారణంగా వెనక ఎడమదానితో మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి వరుసలో రావాలి. కొన్ని కార్లకు వరుస వేరు, మాన్యువల్ చూడాలి. నిపిల్‌కు రింగు పానా తగిలించి, పారదర్శకమైన గొట్టం తొడిగి, గొట్టం రెండో కొసను కాస్త కొత్త ద్రవం పోసిన సీసాలో ముంచాలి. లోపలి మనిషి పెడల్ నొక్కి పట్టాక నిపిల్ తెరవాలి, మూసేదాకా పెడల్ వదలకూడదు, వదిలితే గాలి లాక్కుంటుంది. బుడగలు లేకుండా కొత్త ద్రవం వచ్చేదాకా ఇలాగే. ఈ లోపు పైడబ్బా మినిమమ్ గీత కిందికి దిగకూడదు. చిన్న కారుకు అర లీటరు నుంచి లీటరు పడుతుంది, పావు లీటరు సీసాతో ఈ పని అవదు. యజమాని చేయగల తనిఖీ ఇదొక్కటే: కొత్త ద్రవం సీసాను ఎదురుగా తెరిపించడం, ఖాళీ సీసాలు లెక్కపెట్టడం. తెరిచి మిగిలిన సీసా ఆర్నెల్ల తర్వాత పనికిరాదు, అలమరలో కూర్చునే అది తేమ పీల్చుకుంటుంది.

గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. నీరు చేరిన ద్రవం ఆ యూనిట్ లోపలి సన్నని వాల్వులను తుప్పు పట్టిస్తుంది. దాన్ని మార్చే ఖర్చుతో ఎన్నో ఏళ్ల బ్రేక్ ఆయిల్ కొనుక్కోవచ్చు. ఇంజిన్ ఆయిల్ లేదా స్టీరింగ్ ఆయిల్ పొరపాటున పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం వ్యవస్థే పోతుంది. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

రవాణా శాఖకు మా విన్నపం ఇది. ఫిట్‌నెస్ పరీక్షలో మరిగే ఉష్ణోగ్రతను కొలిచే పరికరంతో బ్రేక్ ఆయిల్‌నూ చూడాలి, మార్చిన తేదీ స్టిక్కర్ బానెట్ కింద ఉందో లేదో చూడాలి. సీజన్‌లో శృంగవరపుకోట దగ్గర, ఘాట్ మొదలయ్యేలోపే, ట్యాక్సీలకు ఉచిత తనిఖీ పెట్టాలి. 2022 నుంచి అరకు దారి విశాఖ, విజయనగరం, అల్లూరి సీతారామరాజు జిల్లాల పరిధిలో ఉంది కనుక మూడు జిల్లాల అధికారులూ కలిసి కూర్చుంటేనే ఇది కుదురుతుంది. గ్యారేజీల్లో తీసిన పాత ద్రవాన్ని కాలువల్లో పారబోయకుండా సేకరించే ఏర్పాటు నగరపాలక సంస్థ చేయాలి, ఆ కాలువలన్నీ సముద్రంలోకే పోతాయి.

ఈలోగా ఘాట్ దిగేవారు ఎక్కిన గేర్‌లోనే, రెండు లేదా మూడులో, దిగాలి. పెడల్ మెత్తబడిందనిపిస్తే ఇంజిన్ ఆపకుండా వేగంగా నాలుగైదుసార్లు తొక్కాలి, గేర్ తగ్గించాలి, కేబుల్‌తో పనిచేసే హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగాలి. బండి ఆగాక అరగంటైనా చల్లారనివ్వాలి. అప్పుడు పెడల్ గట్టిపడినా ఆ బండితో కొండ దిగకూడదు, మెకానిక్‌ను అక్కడికే పిలిపించుకోవాలి.

ఇట్లు,
మోటారు మెకానిక్‌లు,
ఆటోనగర్, విశాఖపట్నం