వంజరం బాకీ

కొత్తపట్నం,
డిసెంబర్ 14

ఒరేయ్ బండోడా,

ఫోన్ చేసి చెబితే నువ్వు నవ్వే నవ్వు ఎట్టా ఉంటుందో తెలుసు. అందుకే కాగితం మీద రాస్తున్నా. పందెం ఓడిపోయాను. నీకు రెండు కిలోల వంజరం చేప బాకీ. సంతోషమా?

పోయిన సంక్రాంతికి మీ ఇంట్లో టీవీ చూస్తూ వాదులాడుకున్నాం కదా. యుద్ధనౌక ముందు భాగంలో కుండ బోర్లించినట్టు ఒకటి ఉంటుంది, అందులోంచి పొడుగాటి గొట్టం బయటికొచ్చి ఉంటుంది. దాన్ని చూసి "జానెడు మందం ఉక్కురా అది" అన్నాను. నువ్వు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ "ఏమో, మీ బోట్లలాగా ఫైబరేమో" అన్నావు. తెలిసి అన్నావో, నన్ను ఉడికించడానికి అన్నావో దేవుడికే తెలియాలి. ఇరవై ఏళ్ళుగా ఫైబర్ బోట్లకు అతుకులేసి బతుకుతున్న నాకు రైసుమిల్లు ఫిట్టరు ఫైబర్ గురించి చెప్పడమేంది అని ఒళ్ళు మండింది. పందెం కాశాను.

మొన్న పెద్దక్క కొడుకు ఇంట్లో బారసాలకని గాజువాక పోయాను. నేవీ వాళ్ళు జనానికి ఓడ చూపిస్తున్నారంటే మావాడు తీసుకెళ్ళాడు. గంటన్నర క్యూ. నా ముందు ఒకాయన పిల్లాణ్ణి భుజాన ఎక్కించుకుని, ఆ పిల్లాడి చెప్పులు నా ముక్కుకి తగులుతూ... సరే, అదంతా ఎందుకు. ఎక్కాం. ఆ గన్ దగ్గర శ్రీకాకుళం కుర్రాడొకడు, నేవీ డ్రెస్సులో, అడిగినవాళ్ళకు ఓపిగ్గా చెబుతున్నాడు. నేను చూడనట్టే నిలబడి వేలి కణుపుతో టక్‌మని ఒకటి కొట్టాను. ఆ చప్పుడు వినగానే నా గుండె జారింది. రోజూ వినే చప్పుడే. గాజుపీచు మ్యాటు పరిచి రెసిన్ జిగురు పూసి ఆరబెట్టిన చప్పుడు. "కొట్టకూడదండీ" అన్నాడు కుర్రాడు. "ఫైబరేనా బాబూ" అన్నాను. "ఫైబర్‌గ్లాసేనండీ" అన్నాడు. వంజరం కిలో ఎంత పలుకుతోందో నీకేం తెలుసు, నీ నోట్లో మన్ను పడ!

నాకు ఆశ్చర్యమేసి అడిగాను, యుద్ధంలో గుండు తగిలితే ఇదేం ఆగుతుందయ్యా అని. ఆగదన్నాడు. అది ఆపడానికి కాదు, అలలూ వానా ఉప్పుగాలీ లోపలి యంత్రానికి తగలకుండా వేసిన గొడుగట. మరి లోపలి మనుషులో? లోపల మనుషులే ఉండరట్రా. గుళ్ళు నింపేవాళ్ళు కింద డెక్కులో ఉంటారు, గురి చూసి పేల్చేది ఇంకో గదిలోంచి. మనిషే లేనప్పుడు ఉక్కు గోడ ఎవరికోసం? ఈ మాట విన్నాక పందెం పోయిన బాధ సగం తగ్గింది. 1989లో అమెరికా వాళ్ళ ఐయోవా యుద్ధనౌకలో ఒక పెద్ద ఫిరంగి గదిలోనే మందు పేలి 47 మంది పోయారు. మందపాటి ఉక్కు మధ్య కూర్చున్నవాళ్ళే వాళ్ళంతా.

నేను కొట్టి చూసిన ఆ గన్ పేరు సూపర్ ర్యాపిడ్ గన్ మౌంట్. నేవీ వాళ్ళ నోట్లో ఎస్ఆర్‌జీఎం. ఇటలీలో ఓటో మెలారా కంపెనీ పుట్టించింది, మన దేశంలో లైసెన్సు మీద హరిద్వార్‌లో బీహెచ్ఈఎల్ తయారుచేస్తోంది. గొట్టం లోపలి వెడల్పు 76 మిల్లీమీటర్లు, పొడవు దానికి 62 రెట్లు. లెక్కేసుకో, నాలుగు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు వస్తుంది. గుళ్ళు కాకుండా మొత్తం బరువు ఏడున్నర టన్నుల చిల్లర. మీ నెల్లూరు లెక్కలో తొమ్మిది పుట్ల వడ్లు అనుకో. ఒక లారీ లోడు! ఇది తేలికైన గన్ అంటే, ఏడున్నర టన్నులు తేలికేందిరా అంటావు. ఓడ మీద తేలికే. దీని పెద్దన్న 127 మిల్లీమీటర్లది ఒకటుంది, అదీ ఓటో మెలారాదే. దాని బరువు దీనికి ఎన్నో రెట్లు, అయినా పేరులోనే లైట్‌వెయిట్ అని పెట్టుకున్నారు. ఏనుగుల్లో బక్క ఏనుగన్నమాట, మన బళ్ళో నిన్ను మించిన బండోళ్ళు ఉన్నట్టు.

తేలికదనం విలువ నీకు తెలియదు, నాకు తెలుసు. ఐస్ పెట్టెలూ వలలూ బోటులో అడుగున పెడితే బోటు నిలకడగా పోతుంది. అదే బరువు పైకి ఎక్కించి చూడు, చిన్న అలకే అటూ ఇటూ దొర్లుతుంది. తుపాకీ ఉండేది డెక్కు పైన. అది ఎంత తేలికైతే అంత చిన్న ఓడకు బిగించొచ్చు. అందుకే ఏడు వేల టన్నులు దాటిన విశాఖపట్నం తరగతి డిస్ట్రాయర్లనే పెద్ద యుద్ధనౌకల ముందూ ఇదే, ఐదారు వందల టన్నుల మిసైల్ బోట్ల మీదా ఇదే. యాభై దేశాలకు పైగా ఈ 76 మిల్లీమీటర్ల గన్ వాడుతున్నాయంటే ఊరికే కాదు.

లోపలి పని మాత్రం నువ్వు చూడాల్సింది. మీ మిల్లే. కింద గుండ్రంగా తిరిగే డ్రమ్ము, అందులో వరసగా నిలబెట్టిన గుళ్ళు, ఒక్కోటి పన్నెండు కిలోల పైనే. డ్రమ్ము తిరుగుతూ గుండును అందిస్తే నిలువుగా ఉన్న స్క్రూ దాన్ని పైకి ఎక్కిస్తుంది. అక్కడినుంచి రెండు చేతులు ఊగుతూ ఒకదాని తర్వాత ఒకటి అందుకుని గొట్టం వెనక్కి చేరుస్తాయి. మీ ఎలివేటర్‌లో బెల్టు తెగితే మిల్లంతా ఆగిపోయి ఓనర్ నిన్ను తిడతాడే, ఆ టెన్షన్ సముద్రం మీద ఊహించు. నిమిషానికి 120 గుళ్ళు. డ్రమ్ములో సిద్ధంగా ఉండేవి 80, అంటే ఆపకుండా కొడితే నలభై సెకన్లలో ఖాళీ. ఆ వేడికి గొట్టం కరగకుండా చుట్టూ నీళ్ళు తిరుగుతాయి, మన బోటు ఇంజనుకు తిరిగినట్టే.

ఈ లెక్క వినగానే నాకు ఎమ్డెన్ గుర్తొచ్చింది. మా అవ్వ చెప్పేది, వాళ్ళ నాయన చెన్నపట్నంలో కూలికి పోయిన రోజుల్లో జర్మనీ ఓడొచ్చి రాత్రిపూట నూనె ట్యాంకులు తగలబెట్టిందని. 1914 సెప్టెంబర్ 22 అది. ఎమ్డెన్‌కు పది ఫిరంగులు, అన్నీ మనుషులు చేత్తో నింపేవే. ఆ రాత్రి కొట్టింది నూటపాతిక పైచిలుకు గుళ్ళు, జనం వేలల్లో పట్నం వదిలి పారిపోయారు. ఇప్పుడు ఈ ఒక్క గొట్టం వేగానికి దాదాపు అన్ని గుళ్ళు ఒక్క నిమిషం లెక్క, మధ్యలో డ్రమ్ము నింపుకోవడం తప్పిస్తే. గుండు చిన్నదేలే, ఎమ్డెన్‌ది 105 మిల్లీమీటర్లు. అయినా చూడు.

క్షిపణులుండగా తుపాకీ ఎందుకని అడుగుతావు, నాకు తెలుసు. నేనూ అడిగాను. పదహారు కిలోమీటర్ల అవతల చిన్న పడవొస్తే కోట్ల రూపాయల క్షిపణి వదలడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే కదా. పైగా క్షిపణిని వదిలి భయపెట్టలేం. గన్ అయితే ముందు నీళ్ళలో ఒకటి కొట్టి ఆగమనొచ్చు. ఇంటికొచ్చాక ఇంకొకటి చదివాను. 2024 మార్చిలో ఎర్రసముద్రంలో ఇటలీ ఓడ కైయో డ్యూలియో తన మీదికొచ్చిన డ్రోన్‌ను ఈ 76 మిల్లీమీటర్ల గన్‌తోనే కూల్చిందట. గుండు డ్రోన్‌కు తగలక్కర్లేదు, దగ్గరికి పోగానే దానంతటదే పేలే ఫ్యూజు ఉంటుంది. మన నేవీ కోసం రక్షణ శాఖ కూడా 2023 నవంబర్లో కొత్తరకం ఎస్ఆర్‌జీఎంలు 16 కావాలని బీహెచ్ఈఎల్‌తో 2956.89 కోట్లకు ఒప్పందం చేసుకుంది. పదహారుతో భాగించి ఒక్కోటి ఇంత అని నాకు చెప్పబాక, వాటితో వచ్చే సామాను కూడా అందులోనే ఉంది.

ఇక్కడ సంగతులు మామూలే. తుపాను గాలికి నాలుగు రోజులు వేట లేదు, ఈరోజే బోట్లు కదిలాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. చిన్నోడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకుంటానంటున్నాడు, నువ్వొకసారి వాడితో మాట్లాడు, నా మాట వినడు.

వంజరం ఆదివారం ఒంగోలు బస్టాండులో మీ తమ్ముడి చేతికిస్తా. ఐస్ నిండా పోసిస్తా, పెట్టె మాత్రం తిరిగి పంపించు, అది నేనే అచ్చు పోసిన ఫైబర్ పెట్టె. వదినను మామిడికాయ వేసి పులుసు పెట్టమను. తల ముక్కలు నువ్వొక్కడివే తినబాక, పిల్లలకు కూడా పెట్టు.

నీ బక్కోడు