రైతు సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా దాదాపు ఒక్క విషయం చుట్టూనే తిరిగింది: ప్రకటించిన మద్దతు ధర కోత పడకుండా రైతు చేతికి అందడం.

వానాకాలం వడ్లకు ఈసారి క్వింటాలుకు సాధారణ రకానికి 2,369, ఏ గ్రేడుకు 2,389 రూపాయల మద్దతు ధర వచ్చింది. నిరుటి కంటే 69 రూపాయలు ఎక్కువ. సన్నాలకు (సన్న రకం వడ్లకు) రాష్ట్రం క్వింటాలుకు ఇచ్చే 500 రూపాయల బోనస్ వేరు. అయితే రైతుకు దక్కేది ఎంతో తేలేది కొనుగోలు సెంటర్లో కాంటా దగ్గర. సంచి బరువు పోను వడ్లు 40 కిలోలు తూగాలి. కొత్త గోనె సంచి 580 గ్రాములు ఉంటుంది కాబట్టి 40 కిలోల 600 గ్రాములకు మించి పెట్టాల్సిన పని లేదు. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానకు కల్లాల్లో వడ్లు తడిశాక, తాలు, తేమ అంటూ 41 కిలోల 600 దాకా పెట్టించారు. ఆరబోసి 17 శాతం లోపు తేమ చూపించిన కుప్పలకూ అదే తూకం. అడిగితే, లేకుంటే మిల్లులో లారీ దించుకోరన్నారు.

సంచికి కిలోనే కదా అనుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. అది క్వింటాలుకు రెండున్నర కిలోలు. ఏ గ్రేడు ధరకు దాదాపు 60 రూపాయలు. పెరిగిన 69లో 60 కాంటా మీదనే పోయాయన్నమాట. సన్నాలు అమ్మినవాళ్లకు ఆ రెండున్నర కిలోల బోనస్ కూడా పోయింది.

అందుకే కలెక్టరేట్‌లో సోమవారాలు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లాం. ఇంటింటికీ తిరిగి తూకం చిట్టీలు సేకరించి, ఒక్కో దాని వెనక తేమ శాతం, సంచుల లెక్క, అదనంగా పోయిన కిలోలు రాశాం. డిగ్రీ చదివే మన పిల్లలిద్దరు రాత్రంతా కూర్చొని ఈ లెక్క తేల్చారు. సోమవారం పొద్దున రెండు ట్రాక్టర్లలో బయల్దేరి ఆ కట్ట అధికారుల ముందు పెట్టాం. మూడో రోజు తనిఖీకి వచ్చారు. మన కళ్ల ముందే సంచులు మళ్లీ తూచారు. ఆ సాయంత్రం నుంచి సీజను అయిపోయేదాకా మన సెంటర్లో కాంటా 40 కిలోల 600 దాటలేదు. నేను కార్యదర్శిగా ఉన్నన్నాళ్లలో ఇంతకు మించి సంతోషించిన రోజు లేదు. ముందే అమ్ముకున్నవాళ్లకు పోయిన వడ్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ బాధ ఉంది.

చీకటి పడ్డా సెంటర్ మూయకుండా కూర్చున్న మహిళా సంఘం అక్కలకు, వానలో సంచులు మోసిన హమాలీ అన్నలకు, అడగకుండానే పరదాలు పంపిన టెంట్ హౌస్ యజమానికి, డీజిల్ డబ్బులు తప్ప కిరాయి తీసుకోని ట్రాక్టర్ డ్రైవర్లకు, భోజనం పెట్టిన పెద్దమ్మకు పేరుపేరునా కృతజ్ఞతలు.

చెప్పక తప్పని మాట ఒకటి. కల్లం కాపలాకు గ్రూపులో ‘వస్తాం అన్నా’ అని రాసినవాళ్లలో సగం మంది రాలేదు. నలుగురే రాత్రుళ్లు మేల్కొన్నారు, వాళ్ల వడ్లు అమ్ముడుపోయాక కూడా వచ్చారు. డిసెంబరులో పంచాయతీ ఎన్నికల పని ఉందంటూ అధికారులు రెండుసార్లు మన సమావేశానికి వస్తామని చెప్పి రాలేదు. పంట నమోదులో పేరు లేని కౌలు రైతులు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. వాళ్ల పంట డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్లలో మన సభ్యులూ ఉన్నారు.

జమాఖర్చులు: చందాలు, విరాళాలుగా వచ్చిన దాంట్లో ఎక్కువ భాగం డీజిల్‌కు, జిరాక్సులకు ఖర్చయింది. పట్టిక కోశాధికారి దగ్గర ఉంది. సభ ఆమోదం కోరుతున్నాను.

యాసంగి కోతల లోపు సంఘానికి సొంత తేమ మీటరు కొనాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కాపలాకు పేర్లు ఈ సభలోనే రాసుకుంటాం. సంతకం కూడా తీసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి